నైరుతి మూల జాకీ

కాలవగట్టు మీది నుంచి కల్యాణమండపం ఆవరణలోకి దిగే వాలులో కారవాన్ తోక నేలను గీరుకుంది. మాడిన పెనాన్ని అట్లకాడతో గోకినట్టు వచ్చిన ఆ చప్పుడుకి సింధూరి పళ్ళు జివ్వుమన్నాయి. ఒళ్ళో నిద్రపోతున్న అపూర్వ ఉలిక్కిపడి, కళ్ళు తెరవకుండానే తల్లి కొంగు వెతుక్కుంది.

"మళ్ళీనా బావా?" అంది సింధూరి.

సాయిగణేష్ బ్రేకు మీద కాలు బిగించి, కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూసుకుంటూ, మిగతా వాలును నిండుకుండ దించుతున్నట్టు దించాడు. బండి చదునుకి వచ్చాక దిగి, తువ్వాలు నేల మీద పరిచి, వెల్లకిలా పడుకుని కిందకి దూరాడు. కాసేపటికి వీపు దులుపుకుంటూ లేచాడు.

"కుడిచేతి వెనక జాకీయే. పాదం లోపలికి తిరిగింది."

ఆ బండి చక్రాల మీద ఇల్లు. పడక, వంటగట్టు, స్నానాలగది, ఏసీ అన్నీ ఉన్నాయి. దాని యజమాని వెంకటకృష్ణారావుగారు పటమటలో ఉంటారు. యాత్రలకు అద్దెకిస్తారు, ముహూర్తాల రోజుల్లో పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదిగా పంపిస్తారు. సాయిగణేష్ డ్రైవరు. అతని భార్య సింధూరి కూడా వెళ్ళి లోపల తుడిచి, ఆడవాళ్ళకి మంచినీళ్ళూ కాఫీలూ అందించి, వాళ్ళు వెళ్ళాక పూలరేకులూ పిన్నీసులూ ఏరుతుంది. ఆగిన చోట నేల ఎగుడుదిగుడుగా ఉన్నా లోపల చదునుగా ఉండాలని బండి అడుగున నాలుగు జాకీలు బిగించారు. మీట నొక్కితే కాళ్ళు చాపి బండిని ఎత్తి పట్టుకుంటాయి. వెనక రెండిటినీ టైర్లకి ఆనుకుని పెడదామని బాడీ కట్టిన హనుమయ్య ఆనాడే చెప్పాడు. తోక చివర పెడితే గ్రౌండ్ క్లియరెన్స్ పోతుందనీ, మన కాలవగట్ల మీంచి దిగేటప్పుడల్లా నేల నాకుతాయనీ మొత్తుకున్నాడు. కృష్ణారావుగారు తన వాస్తు సిద్ధాంతిని తీసుకొచ్చి చూపించారు. "ఇంటికి స్తంభాలు మూలలకి వేస్తారా, నట్టింట్లో వేస్తారా?" అన్నాడు సిద్ధాంతి. అంతటితో జాకీలు మూలలకి పోయాయి.

బండిని తూర్పుముఖంగా నిలపడానికి సాయిగణేష్ ఫోన్లో దిక్సూచి చూసుకుంటూ ముందుకీ వెనక్కీ సర్దాడు. జాకీల కింద చెక్క దిమ్మలు పెట్టాడు. మట్టిని కాలితో తొక్కి చూసి, నైరుతి మూలకి వచ్చిన ఆ కుడి వెనక జాకీ కింద ఇంకో దిమ్మ చేర్చాడు. మీట మీద వేలు పెట్టేలోగా ఫోన్ మోగింది. కృష్ణారావుగారి వీడియో కాల్.

"నైరుతి లేచిందా?"

"లేపుతున్నానండి. కానీ గట్టు దిగేప్పుడు జాకీ పాదం తిరిగిందండి. ఇవాళ్టికి చదునుగా ఉంచి, రేపు హనుమయ్యకి చూపిద్దామండి."

"రసమట్టం చూపించు."

వంటగట్టు మీద అంటించిన రసమట్టంలో బుడగ సరిగ్గా మధ్యగీతల నడుమ నిలబడి ఉంది. లోకంలో ఎవరైనా దాన్ని చూసి సంతోషిస్తారు. కృష్ణారావుగారి మొహం మాడిపోయింది.

"శుభమా అని పెళ్ళికూతురు కూర్చునే చోట నైరుతి పల్లంలో ఉంచుతావా? రేపు ఆ పిల్ల కాపురానికి ఏదన్నా అయితే నువ్వెళ్ళి సర్దుతావా? ఈశాన్యం దిగాలి, నైరుతి లేవాలి. బుడగ పోయి మూలకి కొట్టుకోవాలి. లేపరా!"

సాయిగణేష్ లేపాడు. కుడి వెనక టైరు నేలను వదిలేసింది. వంటగట్టు మీది గ్లాసులో నీళ్ళు తలుపు వైపు ఒరిగాయి.

పెళ్ళికూతురు శ్రీలలిత, ఆమె తల్లి రమాసుందరి, ముస్తాబు చేసే అమ్మాయి లోపలికి వచ్చారు. శ్రీలలిత స్టూలు మీద కూర్చుని ఒక కాలు గట్టిగా నేలకి తన్నిపెట్టుకుంది.

"అమ్మా, నేను జారిపోతున్నానే."

"కూర్చోవే! పీటల మీద కూడా ఇలాగే ఒరిగి కూర్చున్నావంటే, పెళ్ళికొడుకు మీద పడిపోతోందని నవ్వుతారు," అంది రమాసుందరి. ముగ్గురూ నవ్వారు. పాపని వెనక పడక మీద పడుకోబెట్టి దుప్పటి కప్పుతున్న సింధూరి కూడా నవ్వింది.

జడకి పూలు కుట్టడం పూర్తి కావస్తుండగా అడుగున ఇనుము మూలిగింది. ఆ వెంటనే నైరుతి మూల ధబ్బున కూలింది. తలుపు వైపు ఒరిగినవన్నీ ఒక్కసారిగా ఆ మూలకి ఎగిరాయి. నిలువుటద్దం భళ్ళుమంది. రమాసుందరి కూతుర్ని రెండు చేతులా వాటేసుకుని కింద కూలబడింది. సింధూరి వెనక్కి చూసేసరికి పడక ఖాళీగా ఉంది. బీరువా మూల కింద పాప బోర్లా పడి ఉంది. ఏడుపు వినిపించలేదు. ఆ ఏడుపు రావడానికి పట్టిన కాసేపూ సింధూరి ఊపిరి తీసుకోలేదు.

*

పాప చుబుకానికి కుట్లు వేయించి సింధూరి చల్లపల్లి ఆసుపత్రి నుంచి వచ్చేసరికి మండపంలో మంగళవాద్యాలు మోగుతున్నాయి. పెళ్ళికూతురికి దెబ్బ తగల్లేదు, వేరే గదిలో ముస్తాబు పూర్తి చేశారు. బండి ఒక పక్కకి కుంగి, కాలు విరిగిన గేదెలా ఉంది. దాని పక్కన కృష్ణారావుగారి కారు. ఆయన పెళ్ళికూతురి తండ్రి శ్రీరామచంద్రమూర్తిగారి చేతులు పట్టుకుని మాట్లాడుతున్నారు.

పాపని భుజాన వేసుకుని సింధూరి దగ్గరికి వెళ్ళింది. పాపకి ఎలా ఉందని అడుగుతారనుకుంది.

"బండిలో లోపం లేదు మాస్టారూ. లక్షణంగా వాస్తు ప్రకారం కట్టించిన బండి. ఏం చెప్పమంటారు, వెధవ, దారిలో ఎక్కడో మందేసుకున్నాడు. దిమ్మలు సరిగ్గా పెట్టలేదు. నా దగ్గర ఇన్నాళ్ళ నుంచి చేస్తున్నాడు గదాని నమ్మాను."

మూర్తిగారు చల్లపల్లి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ బండి వైపు చూశారు. బండి వెనక సాయిగణేష్ విరిగిన జాకీ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆ మాటలు అతనికి వినపడే దూరమే. అతని మెడ వెనక నరం మాత్రం కదిలింది.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎక్కువైతేనే మొహం చిట్లించుకునే మనిషి. పుట్టిన దగ్గర్నుంచి బీరు సీసా మూత తీసి ఎరగడు. తన తండ్రి తాగి రేవులో పడి చచ్చిపోయాడన్నదే, పెళ్ళిచూపుల్లో సింధూరి అడక్కుండానే అతను చెప్పిన మొదటి మాట.

"ఆయన తాగడండి," అంది సింధూరి.

కృష్ణారావుగారు ఆమె వైపు తిరిగి నొచ్చుకున్నట్టు మొహం పెట్టారు. "పెళ్ళాం కదండీ, అలాగే అంటుంది. పాపం, చంటిపిల్లతో. పదమ్మా, నువ్వెళ్ళి నీడన కూర్చో."

మండపం గేటు దగ్గర బూందీ పొట్లాలు కడుతున్న మనిషి పక్కవాడితో అంటున్నాడు. "తాగి జాకీ ఎక్కించాడంట. పిల్ల చచ్చేదే."

పక్కవాడు సింధూరిని చూసి మోచేత్తో పొడిచాడు. ఇద్దరూ తలలు వంచుకుని పొట్లాలు కట్టారు.

*

ఆటోనగర్లో కృష్ణారావుగారి షెడ్డు వెనక రేకులగదే వాళ్ళ ఇల్లు. మర్నాడు ఉదయం సింధూరి పంపు దగ్గర బిందె పెట్టేసరికి, పక్క షెడ్డులో సీట్లు కుట్టే కనకలక్ష్మి పాప చుబుకం పట్టుకుని చూసింది.

"అయ్యో తల్లీ! ఏవే సింధూరీ, మీ ఆయనకి ఆ అలవాటుందని ఎప్పుడూ చెప్పలేదే?"

"ఏ అలవాటు పిన్నీ?"

"నాతో దాపరికం దేనికే? మా ఆయనా తాగుతాడుగా. తాగితే తాగాడు, బండి మీద ఉన్నప్పుడు తాగకూడదని చెప్పు."

రాత్రికి రాత్రి మాట చల్లపల్లి నుంచి ఇంత దూరం వచ్చేసింది. బిందె నిండి పొర్లుతున్నా సింధూరి పంపు కట్టలేదు. వీధి చివర దాకా షెడ్లే. ప్రతి షెడ్డులో బండి, ప్రతి బండికీ ఒక డ్రైవరు కావాలి. దెబ్బతిన్న బండిని బాగు చేసుకుంటారు. తాగుతాడని పేరు పడ్డ డ్రైవరుకి తాళం ఎవరిస్తారు?

షెడ్డులో హనుమయ్య జాకీ కాలు ఊడదీసి, గ్యాస్ మంటతో కాల్చి సుత్తితో సాపు చేస్తున్నాడు. ఎర్రగా కాలిన ఇనుము దెబ్బదెబ్బకీ నల్లబడుతోంది. సాయిగణేష్ రెండో వైపు పటకారుతో పట్టుకున్నాడు.

"బాబాయ్, అలా చేసిన కాలు మళ్ళీ ఆగుద్దా?" అంది సింధూరి.

"చదునుగా వాడుకుంటే ఆగుద్దమ్మా. ఆయన ఎత్తినట్టు ఎత్తితే దేవుడు కూడా ఆపలేడు."

"ఆ మాట కృష్ణారావుగారి ముందు, ఆ మాస్టారి ముందు చెప్పు బాబాయ్. చోటు తప్పని నువ్వు ముందే చెప్పావుగా!"

సుత్తి ఆగింది. హనుమయ్య షెడ్డు లోపలి గోడ వైపు చూశాడు. అక్కడ కృష్ణారావుగారు కట్టిస్తున్న రెండో కారవాన్ అస్థిపంజరం నిలబడి ఉంది.

"నన్నందులోకి లాగమాకమ్మా," అన్నాడు. మళ్ళీ సుత్తి ఎత్తి, ఇందాకటి కంటే గట్టిగా కొట్టాడు.

మధ్యాహ్నం కృష్ణారావుగారే వచ్చారు. పాపకి బిస్కెట్ల పాకెట్ తెచ్చారు. మంచం మీద కూర్చుని, ఏ దిక్కున ఉన్నానో చూసుకుని, కొంచెం జరిగి సర్దుకున్నారు.

"మూర్తిగారు కూతురి అత్తవారితో అరుణాచలం వెళ్ళడానికి మన బండే మాట్లాడుకున్నారు. ఇప్పుడు వద్దంటున్నారు. ఆయన వద్దన్నాడంటే చల్లపల్లి, అవనిగడ్డ, ఘంటసాల, అన్నీ పోతాయిరా. ఆదివారం బండేసుకుని వెళ్దాం. వాళ్ళింటి ముందే నిలబెట్టి, చూసుకోండి బండి బంగారంలా ఉందని చూపిద్దాం. నువ్వు ఒక్క మాట చెప్పు. ఆ రోజు పుచ్చుకున్నానండీ, ఇక ముట్టనండీ అని."

"నేను తాగనండి," అన్నాడు సాయిగణేష్ నేల చూస్తూ.

"నాకు తెలియదా? అందుకేగా నిన్ను తీసెయ్యట్లేదు! నిజంగా తాగేవాడివైతే ఈ పాటికి గెంటేసేవాణ్ణి. మాటే కదరా, ఒంటికి అంటుకుంటుందా? తిరుపతి వెళ్ళి గుండు చేయించుకుని వచ్చేయ్, పోతుంది. ఇక్కడే ఉంటారు, ఇక్కడే తింటారు. పిల్లని ఈ జూన్లో బళ్ళో వెయ్యాలిగా?"

ఆయన కారు వీధి మలుపు తిరిగింది.

"అనేస్తాను," అన్నాడు సాయిగణేష్.

సింధూరికి ఒళ్ళు మండిపోయింది. ఆ మంట కింద భయం కూడా ఉంది. గది, పాప బడి, రేపటి పొయ్యి. ఆ నింద మోయడమా, ఇవన్నీ పోవడమా, నిజంగా ఏది ఎక్కువ భయమో తనకే తెలియలేదు.

"వెధవ అన్నాడు బావా నిన్ను. పది మందిలో."

"అన్నాడు."

"నీకు కోపం రాదా?"

అతను పాప బుగ్గ మీద అతుక్కున్న బిస్కెట్ పొడి వేలితో తుడిచాడు. "కోపం వస్తే ఎక్కడికెళ్ళాలో ముందు తెలియాలిగా సింధూరీ."

ఆమె బిస్కెట్ల పాకెట్ తీసి అటక మీదకి విసిరేసింది. కాసేపటికి పాప ఏడిస్తే మళ్ళీ తనే దించింది.

*

ఆదివారం ఉదయం మూర్తిగారి ఇంటి ముందు, కాలవ పక్కన వెడల్పాటి చోట సాయిగణేష్ బండిని తూర్పుముఖంగా నిలిపాడు. దారిలో గట్టు దిగేటప్పుడు తోక మళ్ళీ గీరుకుంది. ముందు కారులో వెళ్తున్న కృష్ణారావుగారికి అది వినపడలేదు.

అరుగు మీద కుర్చీలు వేశారు. గుమ్మానికి కట్టిన పెళ్ళి మామిడాకులు ఇంకా తియ్యలేదు. పెళ్ళికూతురు అత్తవారింటికి వెళ్ళిపోయింది. రమాసుందరి పాపని దగ్గరికి పిలిచి, కట్టు మీద చెయ్యి పడకుండా తల నిమిరింది. "ఎంత పెద్ద దెబ్బమ్మా! మా హడావిడిలో వచ్చి చూడను కూడా లేదు," అంది. ఇన్ని రోజుల్లో తాగుడు ఊసెత్తకుండా పాప దెబ్బ గురించి మాట్లాడిన మొదటి మనిషి ఆవిడే. సింధూరి కళ్ళు చెమర్చాయి.

కృష్ణారావుగారు గొంతు సవరించుకుని సాయిగణేష్ వైపు చూశారు. అతను చెప్పులు విడిచి మెట్టు కింద నిలబడ్డాడు.

"తప్పయిపోయిందండి."

"ఏం తప్పో చెప్పరా. పెద్దవాళ్ళ దగ్గర సిగ్గేమిటి?"

సాయిగణేష్ తువ్వాలు అంచు వేలికి చుట్టాడు, విప్పాడు.

మూర్తిగారు ముందుకి వంగారు. "నన్ను చూడు బాబూ. నువ్వు ఆ రోజు తాగావా?"

సాయిగణేష్ అవునని అనలేదు, కాదని అనలేదు. కాలవ మీద నుంచి ఎవరో బర్రెల్ని అదిలిస్తున్న కేక వినిపించింది.

"చూశారా, నోట మాట రావట్లేదు," అన్నారు కృష్ణారావుగారు జాలిగా. "మనిషి చెడ్డవాడు కాడు మాస్టారూ. అలవాటు చెడ్డది. నేను చూసుకుంటాను. మీరు రండి, ఒక్కసారి లోపలికి వచ్చి చూడండి. అమ్మా, మీరూ రండి. ఏసీ వేసి ఉంది, అక్కడే కూర్చుని తేదీ అనుకుందాం."

సింధూరి పాపని చంకనెత్తుకుని వెనకే వెళ్ళింది. వాళ్ళకి కాఫీ కలిపి ఇవ్వాల్సింది ఆమే. లోపల అడుగుపెట్టగానే తెలిసింది. ఏదో మారింది. పాలగిన్నెలో పాలు అంచుకి చేరకుండా గుండ్రంగా, నిండుగా నిలిచి ఉన్నాయి. సాయిగణేష్ బండిని చదునుగా నిలిపాడు.

రమాసుందరి పడక మీద కూర్చుని అటూ ఇటూ చూసింది. "ఇవాళ బాగుందండీ. ఆ రోజు ఎక్కిన దగ్గర్నుంచి జారుబండ మీద ఉన్నట్టే ఉంది మాకు."

"అదే నేను చెప్పేది. డ్రైవరు సరిగ్గా ఉంటే..." అంటూ కృష్ణారావుగారు ఆవిడకి ఎదురుగా కూర్చున్నారు. కూర్చున్నారే గానీ కుదురుగా లేరు. అరుణాచలం మాట ఎత్తారు, ఆపారు. జేబులోంచి ఫోను తీసి దిక్సూచి చూశారు. మెడ సాచి వంటగట్టు మీది రసమట్టం చూశారు. బుడగ మధ్యలో ఉంది. ఆయన మొహం మీద చీమ పాకినట్టయింది. బేరం కుదరాల్సిన సమయం, కింద నైరుతి పల్లం. కన్నతల్లి కళ్ళ ముందు పిల్లాడు బావి గట్టెక్కినట్టు ఉంది ఆయన పరిస్థితి.

"గౌరవనీయులు కూర్చున్న చోట ఇలా ఉంచకూడదు," అంటూ లేచి, తలుపు పక్కన ఉన్న మీట తనే నొక్కారు.

బయట సాయిగణేష్ కేక వినిపించింది. "వద్దండీ! ఆ కాలు ఆగదండీ!"

"నువ్వూరుకో! నేను లేపుతున్నాగా!"

నైరుతి మూల లేచింది. ఆయన వేలు తియ్యలేదు. బుడగ మూల వైపు పాకుతోంటే ఆయన మొహం తేటపడుతోంది. పాలు గిన్నె అంచుకి వచ్చాయి. మూర్తిగారి చేతి కింద ఉన్న కళ్ళజోడు పెట్టె జారి తలుపు దగ్గర పడింది. అప్పుడు అడుగున ఇనుము మూలిగింది. అంతకుముందు ఆ మూలుగు విన్నవాళ్ళు ఆ బండిలో ముగ్గురున్నారు. రమాసుందరి పడక అంచు రెండు చేతులా పట్టేసింది. అపూర్వ తల్లి మెడకి చుట్టుకుపోయి, "అమ్మా, పడిపోద్దీ!" అని కేక పెట్టింది. సింధూరి పాలగిన్నె వదిలేసింది.

"ఇప్పుడు తాగిందెవరండీ?" అంది.

ఆ మాట అంత గట్టిగా వస్తుందని ఆమె అనుకోలేదు. కృష్ణారావుగారి వేలు మీట మీద నుంచి జారిపోయింది.

"అడుగుతున్నాగా, చెప్పండి! ఆ రోజూ ఇంతే ఎత్తించారు. ఫోన్లో కూర్చుని ఎత్తించారు. వద్దంటే లేపరా అన్నారు. ఆ మూలలోనే నా కూతురుంది. ఆయన్ని తాగుబోతన్నారు. ఇప్పుడు మీరు నొక్కారు. మరి మీరేం తాగొచ్చారండీ?"

"అమ్మాయ్, ఎవరితో మాట్లాడుతున్నావో..."

ఇనుము ఇంకోసారి మూలిగింది. కృష్ణారావుగారు గభాల్న గోడ పట్టుకున్నారు. మీట వైపు చూశారు, ఎటు నొక్కితే దిగుతుందో ఆయనకి గుర్తు రాలేదు.

"ఒరేయ్ గణేషూ!"

సాయిగణేష్ అప్పటికే తలుపు దగ్గర ఉన్నాడు. "ఎవరూ మీట ముట్టుకోకండి. అమ్మగారూ, ముందు మీరు. గబగబా నడవకండి, నా చెయ్యి పట్టుకోండి." రమాసుందరిని దించాడు. పాపని, సింధూరిని దించాడు. మూర్తిగారిని దించి, ఆయన కళ్ళజోడు పెట్టె తీసిచ్చాడు. చివరికి కృష్ణారావుగారికి కూడా చెయ్యి అందించాడు. ఆయన ఆ చెయ్యి పట్టుకోక తప్పలేదు. అందరూ దూరంగా జరిగాక తలుపు బయట నిలబడే చెయ్యి లోపలికి చాచి, ఆగి ఆగి మీట నొక్కుతూ నైరుతి మూలని దించాడు. టైరు నేలని తాకింది. నాలుగు కాళ్ళూ ముడుచుకున్నాయి. అతను తువ్వాలుతో నుదురు తుడుచుకున్నాడు.

"పోనీలే, ఏం కాలేదుగా," అన్నారు కృష్ణారావుగారు నవ్వు తెచ్చుకుని. "అది కాలు వంకర వల్ల. హనుమయ్యకి చెప్పి..."

మూర్తిగారు బండి వెనక్కి నడిచి, తోక కింద వేలాడుతున్న జాకీని, దాని పాదానికి అంటిన గట్టు మట్టిని వంగి చూస్తున్నారు. సాయిగణేష్ చెప్పులు వేసుకోకుండానే ఆయన దగ్గరికి వెళ్ళాడు.

"మాస్టారూ, ఇందాక మీరో మాట అడిగారండి."

ఆయన నడుము నిటారుగా చేసి నిలబడ్డారు.

"నేను తాగలేదండి. ఎప్పుడూ తాగలేదండి."

మూర్తిగారు అతని వైపు పూర్తిగా తిరిగారు. "నేను ఆ రోజే అడగాల్సింది నాయనా," అన్నారు. తర్వాత కృష్ణారావుగారి వైపు తిరగకుండానే, "మీ బండి మాకు వద్దండీ. ఎందుకు వద్దన్నామో అడిగినవాళ్ళకి నేనే చెప్తాను," అన్నారు.

సాయిగణేష్ తాళం తీసి యజమాని ఎదుట రెండు చేతులతో పట్టాడు. ఆయన తీసుకోకపోతే, మెట్టు మీద పెట్టాడు.

"గది సాయంత్రానికి ఖాళీ చేస్తామండి," అంది సింధూరి. పాపని రెండో భుజం మీదకి మార్చుకుంది.

"ఈ బండి ఎవరు తోలతార్రా? నాకు రాదు కదా!" వెనక నుంచి కృష్ణారావుగారి గొంతు వినిపించింది. అది అరుపులా మొదలై ఆఖరికి అడుక్కున్నట్టు అయింది.

వాళ్ళు బస్టాండుకి పోయే గట్టెక్కారు. సాయిగణేష్ పాపని అందుకున్నాడు. బండి కాలవ పక్కన తూర్పుముఖంగా అలాగే నిలబడి ఉంది. కృష్ణారావుగారు మెట్టు మీది తాళం తీసుకుని, తనకి తెలిసిన డ్రైవర్లందరికీ ఒకరి తర్వాత ఒకరికి ఫోన్ చేసుకుంటున్నారు.